పాత లాకు దగ్గర డాక్టరమ్మ గారి కారు

బంటుమిల్లి వెళ్ళే కాలవ గట్టు రోడ్డులో పాత లాకు ఉంది చూశారూ... అక్కడ పొద్దుగూకాక ఎవరూ ఆగరు.

కాలవ నీళ్ళు ఆపడానికి పెట్టిన ఆ లాకు తలుపులు ఎప్పుడో పుచ్చిపోయాయి. ఆ సందుల్లోంచి రాత్రీ పగలూ నీళ్ళు దూకుతూనే ఉంటాయి. పక్కన కాపలావాడి కోసం కట్టిన చిన్న పెంకుటిల్లు. అందులో ఇప్పుడు మనిషి లేడు, తలుపూ లేదు. ఆటోవాళ్ళు ఆ మలుపు రాకముందే హారన్ మీద చెయ్యి వేసి, దాటాకే తీస్తారు. నెలలు నిండిన పిల్లని ఆ దారిన తీసుకెళ్ళడానికి అత్తగార్లు ఒప్పుకోరు. ఎంత ఆలస్యమైనా సరే, చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే.

ఎందుకంటే... అక్కడ ఒక ఆడమనిషి మూలుగు వినిపిస్తుందట. ఆ వెనకే పసిబిడ్డ ఏడుపు.

వెనకటికి ఎవరో నిండు చూలాలిని కారులో తీసుకెళ్తుంటే సరిగ్గా అక్కడే ప్రాణం పోయిందట. తల్లీ బిడ్డా ఇద్దరూనట. కాపలావాడు చెవులారా విన్నాడట. తెల్లారి గట్టు మీద నెత్తురు గుడ్డలు చూసి, ఆ పూటే సామాను సర్దుకుని పారిపోయాడట. అన్నీ అటలే! కళ్ళారా చూసినవాడు ఒక్కడు లేడు గానీ, చెప్పేవాళ్ళకి మాత్రం కొదవలేదు.

మార్కు గారికి ఈ మాటలు వింటే ఒళ్ళు మండేది. ఆయన ఆర్టీసీ డ్రైవరు. గుడివాడ డిపోలో చేరి అక్కడే రిటైరయ్యాడు. సర్వీసులో సగం ఆ గట్టు మీద ఆఖరి ట్రిప్పు తోలడంతోనే సరిపోయింది. "నా బస్సు ముందు గేదెలు పడ్డాయి, తాగుబోతులు పడ్డారు. డ్యూటీలు వేసే గుమాస్తా తప్ప నన్ను పీడించిన దెయ్యం లేదు" అనేవాడు. ఆ అనేది కూడా డిపోలోనే. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి లేదు. వాళ్ళమ్మ సౌభాగ్యమ్మ గారు దెయ్యమన్న మాటని గడప దాటనిచ్చేది కాదు. ఎవరన్నా నోరు జారితే "ముందు మోకాళ్ళ మీద కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం" అనేది. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే వండిన అన్నం చల్లారిపోవాల్సిందే. అందుకని పాత లాకు సంగతి ఆవిడ చెవిన ఏనాడూ పడలేదు.

ఆ సౌభాగ్యమ్మ గారు మార్కుని కన్నది కారులోనండీ!

నొప్పులు ముందే వచ్చేశాయి, ఇంట్లో మగదిక్కు లేదు. పల్లెలు తిరిగి మందులిచ్చే మిషన్ డాక్టరమ్మ గారు దేవుడు పంపినట్టు వచ్చి, తన అంబాసిడర్లో వేసుకుని బందరు ఆసుపత్రికి బయల్దేరింది. బందరు దాకా ఆగితే కదా! మధ్యలో ఎక్కడో గట్టు మీద, చీకట్లో, వెనక సీట్లో మార్కు పుట్టాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా సౌభాగ్యమ్మ గారు తలుపు పైన పట్టుకోవడానికుండే తోలు పట్టీ గురించి చెప్పేది. "ఓర్చుకోలేక ఆ పట్టీ కొరికేశానురా. ఆ మహాతల్లి ఏమీ అనలేదు. ఇంకా గట్టిగా కొరకమంది." ఇప్పుడావిడకి చూపు దాదాపు పోయింది. పళ్ళు రెండో మూడో మిగిలాయి. కోరిక మాత్రం ఒక్కటే మిగిలింది. ఆ కారులో ఒక్కసారి, నొప్పులు లేకుండా, హాయిగా కూర్చోవాలి.

అలాంటి ఇంటి మనిషి ముందు తాళం చెవి ఊపాడండీ ప్రేమ్ కుమార్!

కోత పండుగనాడు జరిగింది. నందివాడ దగ్గర వాళ్ళ చర్చిలో ఆ పండుగ ఘనంగా చేస్తారు. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు... ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. అక్కడొక పద్ధతుంది. కానుకని ఎవరూ తిప్పి చూడరు. కోడి కుంటిదైనా, గుమ్మడికాయ లోపల కుళ్ళినా, పాడుకున్నవాడు కిక్కురుమనకూడదు. దేవుడి దగ్గర కొన్నదానికి వంకలు పెడతారా?

ఆ పద్ధతి మీదే కన్నేశాడు ప్రేమ్ కుమార్. బంటుమిల్లి అవతల రొయ్యల చెరువులు, గుడివాడలో మేడ, చర్చిలో ముందు వరస కుర్చీ ఉన్నవాడు. ఆ రోజు పళ్ళెంలో చామంతిపూలు పోసి, మధ్యలో తాళం చెవి పెట్టి తెచ్చాడు. "మన డాక్టరమ్మ గారి అంబాసిడర్ అండీ. తిరిగి తిరిగి నా చేతికొచ్చింది. దేవుడి పనికి తిరిగిన బండి, దేవుడికే ఇచ్చేస్తున్నాను" అని మైకులో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళలో తడి ఉంటే కదా తుడవడానికి! జనమంతా హల్లెలూయా అన్నారు.

మార్కు గారు లేచి నిలబడ్డాడు. పక్కనే ఉన్న భార్య కృపాకుమారి చొక్కా పట్టుకుని లాగింది.

"ఏవండీ, బండి చూడకుండా పాడతారా?"

"దేవుడి వస్తువు చూసి కొంటామా? నువ్వూరుకో."

ఊరుకోక ఆవిడ గిల్లింది కూడా. పాట పెరిగిన కొద్దీ ఈయనకి పంతం పెరిగింది. గుడివాడ కాంట్రాక్టరు ఒకాయన చేతులెత్తేసేదాకా వదల్లేదు. రిటైర్మెంటు డబ్బులో పెద్ద ముక్కే ఎగిరిపోయింది. ఇంటికొచ్చి తాళం చెవి తల్లి చేతిలో పెడితే, ఆవిడ దాన్ని రాత్రంతా దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మర్నాటి నుంచీ ప్రేమ్ కుమార్ ఫోను కలిస్తే ఒట్టు. వారమంతా స్విచాఫ్! బండి చూస్తే ఇంకా అతని చెరువుల షెడ్డులోనే ఉంది. మార్కు గారికి ఓపిక నశించింది. క్యానుతో పెట్రోలు తీసుకుని, నేనూ వస్తానని పట్టుబట్టిన తల్లిని ఆటోలో కూర్చోబెట్టుకుని, ఒక సాయంత్రం తిన్నగా చెరువుల దగ్గరికే వెళ్ళాడు. ఆవిడ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది.

ఆటోవాణ్ణి పంపేశాడు. గేటు తీసే ఉంది. దూరంగా గట్టు మీద కాపలా పోతయ్య రొయ్యలకి మేత చల్లుతున్నాడు. అతనికీ మార్కు గారికీ ముఖపరిచయం కూడా లేదు. ఈయన చెయ్యి ఊపాడు. అతను చూశాడో లేదో తెలియదు.

షెడ్డులో బండి తళతళలాడుతోంది. కొత్త మీగడరంగు పెయింటు. మార్కు గారి కళ్ళు చెమర్చాయి... తలుపు తీసేదాకా.

తలుపు తీస్తే తలుపు చేతిలోకొచ్చింది. పై కీలు తుప్పు తినేసి ఉంది, సిమెంటు రంగు ముద్దేదో పెట్టి అతికించాడు. కాళ్ళ కింద మ్యాటు ఎత్తితే ప్లైవుడ్ చెక్క. చెక్క ఎత్తితే నేల కనపడుతోంది! ఉప్పునీళ్ళ డ్రమ్ములు మోయించి మోయించి అడుగంతా తినిపించేశాడు. సీట్లనిండా రొయ్యల మేత కంపు, దాని మీద అత్తరు. బ్యాటరీ ఒక్కటే కొత్తదనుకుంటే, కొత్తది పైన స్టిక్కరేనని తర్వాత తెలిసింది. జీవితమంతా స్టీరింగు పట్టిన మనిషి! అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనుషులకి టోపీ పెట్టేవాణ్ణి చూశాను గానీ, దేవుడికే టోపీ పెట్టాడే వీడు! పూలు పోసి మరీ తెచ్చాడే!"

తల్లి అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. చేత్తో తలుపు పైన తడుముకుంటోంది. కొత్త రెక్సిన్ నున్నగా తగులుతోంది. అటు తడిమింది, ఇటు తడిమింది. మెల్లగా చెయ్యి దించేసుకుంది.

"పట్టీ లేదురా మార్కూ..."

"సరిగ్గా చూడమ్మా."

"లేదురా. ఇది ఆ బండి కాదు. ఇంటికి పోదాం పద."

ఆ గొంతు విన్నాక ఇక ఆయన ఆగలేదు. డబ్బు పోతే పోయింది. డొక్కు బండి అంటగట్టినా పోనిమ్మనేవాడేమో. కళ్ళులేని ముసలిదాని కోరికని ఎరగా వేసి అమ్ముకుంటాడా? "ఈ రాత్రికే దీన్ని గుడివాడ తోలుకెళ్ళి వాడి మేడ గుమ్మానికి అడ్డంగా పెడతాను. వాడెలా బయటికొస్తాడో చూస్తా!" అని క్యానులోని పెట్రోలు టాంకులో పోసి, బండి ముందు రాడ్డు పెట్టి తిప్పాడు. ఇంజను దగ్గి, దగ్గి, లేచింది. మీద పడుతున్న చీకట్లో బండి గేటు దాటింది. గట్టు మీద పోతయ్య ఏదో అరుస్తూ పరిగెత్తడం అద్దంలో కనపడింది.

సగం దూరం వచ్చేసరికి మంచు దిగింది. హెడ్ లైట్లు పసుపుపచ్చగా మారాయి. తర్వాత ఎర్రగా... తర్వాత దీపం వత్తిలా. ఇంజను ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది.

పాత లాకు దగ్గర.

నీళ్ళు దూకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మార్కు గారు ఒకసారి ఆ పెంకుటింటి వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. డిపోలో కొట్టిన కబుర్లన్నీ గుర్తొచ్చాయి.

అప్పుడు వినపడింది. సన్నగా... దీర్ఘంగా... ఒక మూలుగు.

మార్కు గారు ఊపిరి బిగబట్టాడు. మూలుగు ఆగింది. ఆగి—

క్వా... క్వా... క్వా...

అచ్చం పురిటిబిడ్డ! ఎక్కడో దూరంగా కాదు. ఇక్కడే, తన ఒడి దగ్గరే ఏడుస్తున్నట్టు.

"అమ్మా..." అని వెనక్కి తిరిగాడు. "విన్నావా?"

"ఆఁ. ఎవరి బిడ్డో. ఆకలేస్తోందేమోరా."

మార్కు గారు బండి దిగి, తల్లి తలుపు దగ్గర చతికిలబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు. "అమ్మా, కోప్పడకు. ఇది పాత లాకు. వెనకటికి ఇక్కడ ఒకావిడ... కారులో... బిడ్డతో సహా పోయిందట. ఆ కాపలావాడు విన్నాడట. అప్పట్నుంచీ ఈ ఏడుపు..."

ఆవిడ వెంటనే ప్రార్థన మొదలుపెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. చెవి ఒగ్గి నీళ్ళ చప్పుడు వింటోంది.

"పక్కన పెంకుటిల్లుందా?"

"ఉంది."

"గుమ్మం కాలవ వైపా?"

"అవును. నీకెలా..."

"లాంతరు పట్టుకుని వచ్చాడురా వాడు! డాక్టరమ్మ వేణ్ణీళ్ళు కావాలి బాబూ అని ఎంత బతిమాలిందో. దగ్గరికి కూడా రాలేదు. లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు." ఆవిడ గొంతు లేచింది. "ఆ వెధవా నన్ను చంపేసింది? నీళ్ళడిగితే తలుపేసుకున్నవాడు, ఊరూరా తిరిగి నేను చచ్చానని చెప్పుకున్నాడా!"

"అమ్మా...?"

"ఎవరూ చావలేదురా ఇక్కడ. ఆ రాత్రి మూలిగింది నేను. ఏడ్చింది నువ్వు."

మార్కు గారు ఆ పెంకుటింటి వైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళుగా జనం జడుసుకుంటున్నది తనకా! ఇంతమంది ఆడపిల్లల్ని నొప్పులతో చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నది, తను పుట్టగానే ఏడ్చిన ఏడుపుకా! అలా తిప్పడంలో ఆలస్యమై ఎంతమంది ప్రాణాల మీదికొచ్చిందో! గడియ పెట్టుకున్నవాడి మీద, ఆ మాట నమ్మినవాళ్ళ మీద, నమ్మకుండా నవ్వి ఊరుకున్న తన మీద కూడా కోపమొచ్చింది.

క్వా... క్వా...

"మరిప్పుడు ఏడుస్తున్నదెవడు?" అని అరిచి లేచాడు. భయం ఎటుపోయిందో! ఫోను లైటు వేసి బానెట్ ఎత్తాడు. చెవి పెట్టి విన్నాడు. చెయ్యి పెట్టి ఒక్క తీగ లాగాడు.

ఏడుపు ఆగిపోయింది.

హారన్! మంచు తడికి ఎక్కడో తీగలు కలిశాయి, చచ్చిపోతున్న బ్యాటరీ దాన్ని సరిగ్గా మోగించలేక మూలుగుతోంది. ఇంతకీ దెయ్యం ఎవడంటే, ప్రేమ్ కుమార్!

ఇక పట్టపగ్గాల్లేవు. తీగ నేలకేసి కొట్టాడు. వెనక తలుపు దగ్గరికొచ్చి, వాడి కొత్త రెక్సిన్ అంచు దొరకబుచ్చుకుని, "ఇదీ ఉండకూడదు" అంటూ బర్రున చింపేశాడు. మేకులు ఊడి కింద పడ్డాయి. దాని కింద, పాత గుడ్డకి బంకతో అణిచి అతికించేసి...

తోలు పట్టీ.

మార్కు గారు ఒక కొసనుంచి మెల్లగా ఊడదీసి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ వేళ్ళతో తడిమింది. వేళ్ళకి నమ్మకం చాలలేదు. నోట్లో పెట్టుకుంది. ఉన్న రెండు పళ్ళతో, చిగుళ్ళతో, అటూ ఇటూ మెల్లగా జరుపుకుంటూ చూసింది.

"ఇవి నావేరా... ఇదిగో, ఇక్కడ." పట్టీ ఇంకాస్త జరిపింది. "ఇవి నావి కావు. ఇవీ కావు... ఇవి ఎవరివో చిన్నపిల్లవి, పళ్ళు చిన్నవి. ఎంతమంది కొరికారురా దీన్ని!"

మార్కు గారు రోడ్డు మీద కూలబడి, రెండు చేతులా తల పట్టుకుని, పసిపిల్లాడిలా బావురుమన్నాడు. కోపం, సంతోషం, సిగ్గు... ఏది ఎంతో ఆయనకే తెలియదు. తల్లి మళ్ళీ పట్టీ నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మలుపులో లైటు పడింది.

దుర్గాశ్రీనివాస్ అని, మంగినపూడి నుంచి చేపలు తెచ్చి ఊళ్ళలో అమ్ముకునే మనిషి. చేపల ఆటో వేసుకుని, అలవాటు ప్రకారం హారన్ మీద చెయ్యి వేసి వస్తున్నాడు. చెయ్యి జారిపోయింది. లైటు వెలుగులో తలుపు వేలాడుతున్న మీగడరంగు కారు... అందులో తెల్లచీర, తెల్లజుట్టు ముసలమ్మ... నోట్లో ఏదో పట్టుకుని నములుతోంది... కింద ఎక్కడినుంచో గుక్కపట్టిన ఏడుపు.

పై ప్రాణాలు పైనే పోయాయి పాపం. ఆటో అంత ఇరుకు గట్టు మీద ఎలా తిరిగిందో దేవుడికే తెలియాలి. రోడ్డంతా చేపలు జల్లుకుంటూ వచ్చిన దారినే పోయింది.

తర్వాత మార్కు గారు ఫోను చేస్తే వాళ్ళ ఊరి రాంబాబు ట్రాక్టరు తెచ్చి బండిని ఇంటికి లాగాడు. అతను వచ్చేదాకా సౌభాగ్యమ్మ గారు వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఇప్పుడు హాయిగా ఉందిరా" అంది. బండిని పశువుల పాకలో పెట్టి టార్పాలిన్ కప్పేశారు.

అయిపోయిందనుకున్నారా? కోపం అంత తేలిగ్గా అయిపోతుందా!

ఆదివారం ఆరాధన అవగానే చర్చి గేటు దగ్గర చేపల బేరం జోరుగా ఉంటుంది. ఆ రోజు దుర్గాశ్రీనివాస్ తక్కెడ ముట్టుకోకుండా కథ చెప్తున్నాడు. "పాత అంబాసిడరండీ... తెల్లచీరండీ... నోట్లో పేగేసుకుని నములుతోందండీ! బిడ్డ ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉందండీ!" చుట్టూ మూగినవాళ్ళలో ప్రేమ్ కుమార్ కూడా ఉన్నాడు, చేపల సంచి పట్టుకుని. అంబాసిడర్ అన్న మాట వినగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మార్కు గారిని పక్కకి లాగాడు. వారమంతా తప్పించుకు తిరిగిన మనిషి!

"వందనాలన్నా... ఆ బండి... నువ్వే తీసుకెళ్ళావు కదూ?"

మార్కు గారు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. పూల పళ్ళెం గుర్తొచ్చింది. తల్లి చెయ్యి దించేసుకోవడం గుర్తొచ్చింది.

"నీ ఫోను కలిస్తే కదా ప్రేమూ, నాకు బండి అప్పజెప్పేది" అన్నాడు నెమ్మదిగా.

ప్రేమ్ కుమార్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మరి... మా పోతయ్య... వెనక సీట్లో తెల్లచీర ముసలామె ఉందన్నాడు. ముందు ఎవరూ కనపళ్ళేదన్నాడు. తాగి వాగుతున్నాడనుకున్నా..."

"అయితే అందులో కన్నవాళ్ళే వచ్చి తీసుకెళ్ళుంటారు."

"అన్నా!"

"వాళ్ళు కొరికిన తోలు పట్టీ ఒకటుండాలి ఆ బండిలో. దాని మీద రెక్సిన్ గానీ కొట్టించలేదు కదా నువ్వు?"

సంచి జారి పడింది. ప్రేమ్ కుమార్ దాన్ని తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఇప్పటికీ చీకటి పడితే చెరువులకి ఆ గట్టు మీదుగా వెళ్ళడు, చుట్టూ తిరిగి వెళ్తాడు. ఈ సంగతంతా నాకు కృపాకుమారి గారు చెప్పింది. దయచేసి అతని చెవిన వేయకండి, ఇంకొన్నాళ్ళు తిరగనివ్వండి.

ఆ రోజు దారిలో ఆవిడ మొగుణ్ణి నిలదీసిందట. "చర్చి గుమ్మంలో నిలబడి అన్ని అబద్ధాలాడతారా?"

"నేనా? వాడి ఫోను కలిసిందా? వాడు బండి అప్పజెప్పాడా? అందులో కన్నావిడ రాలేదా?" అని ఇంతెత్తున లేచాడట మార్కు గారు. "ఒక్క అబద్ధం చూపించు!"

ఇల్లు వచ్చేదాకా వెతికినా ఆవిడకి ఒక్కటీ దొరకలేదట.